కొత్త డిస్కులు వేశాక వచ్చిన వణుకు

మా ఇంట్లో కారు ఇద్దరు అన్నదమ్ములకూ ఉమ్మడిది. 2012లో తయారైన డీజిల్ బండి, మేము కొనేనాటికే రెండు చేతులు మారింది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. నరసాపురం దగ్గరి మా ఊరినుండి రొయ్యల చెరువుల మీదికి మేత బస్తాలు మోసేదీ అదే, పిల్లలను పరీక్షలకు దింపేదీ అదే, పెండ్లిండ్లకు ఆడవాళ్ళను చేరవేసేదీ అదే. 2023 జనవరిలో మా అమ్మకు విజయవాడలో వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. అప్పటినుండి ఆ బండికి ఇంకొక పని కలిసింది. వారానికి రెండుసార్లు భీమవరంలో వ్యాయామ చికిత్సకు, నెలకొకసారి విజయవాడలో డాక్టరుగారికి చూపించడానికి అమ్మను తీసికొని వెళ్ళాలి. వెనుక సీటులో దిండ్లు సర్ది పడుకోబెట్టేవాళ్ళము. గుడివాడ మీదుగా వెళితే దగ్గరే గాని, గతుకులకు భయపడి తాడేపల్లిగూడెం వరకు వెళ్ళి పెద్ద రోడ్డు ఎక్కేవాళ్ళము.

మార్చి నెలలో బ్రేకు వేసినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర ఇనుము గీసిన చప్పుడు మొదలైంది. ఊరి సెంటరులో మా మెకానిక్ బాబాయి షెడ్డు ఉంది. బాబాయి అంటే చుట్టరికం కాదు, మా నాన్నగారి రోజులనుండి పిలుపు అలా స్థిరపడిపోయింది. లారీలు బాగుచేసి చేయి తిరిగిన మనిషి. చక్రం విప్పి చూసి, “ప్యాడ్లు అరిగి ఇనుము మిగిలింది అబ్బాయ్. డిస్కులకు గాళ్ళు పడిపోయాయి. రెండూ మార్చాలి” అన్నాడు. పాత డిస్కు అంచున ఉబ్బెత్తుగా ఒక గట్టు కూడా కట్టి ఉంది, వేలుతో తడిమితే తెలిసింది. భీమవరంనుండి డిస్కులు, ప్యాడ్లు తెచ్చి ఇచ్చాము. చీకటి పడ్డాక బల్బు వేలాడదీసి వాటిని బిగించాడు. మరునాడు తెల్లవారుజామున విజయవాడ ప్రయాణం. బండి గాజు మీద నడిచినట్టు ఆగింది. బాబాయిని మెచ్చుకొంటూ వెళ్ళాము.

మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. జూన్‌లో ఒకరోజు ఏలూరు దాటి హనుమాన్ జంక్షన్ వైపు వెళుతుండగా, ముందు లారీ వేగం తగ్గించడంతో మాలో చిన్నవాడు బ్రేకు వేశాడు. స్టీరింగు చేతుల్లో గిలగిల కొట్టుకొంది. డాష్‌బోర్డు మీద పెట్టిన మందుల చీటీ జారి కింద పడింది. వెనుకనుండి అమ్మ “అయ్యో” అన్నది. ఆ ఒక్క మాటకే మా ప్రాణాలు పోయాయి. బండి పక్కకు తీసి చూస్తే చక్రాలు బాగానే ఉన్నాయి, నట్లు బిగువుగానే ఉన్నాయి. మళ్ళీ బయలుదేరి మెల్లగా నడిపితే ఏమీ లేదు. ఎనభైకి చేరి బ్రేకు ముట్టుకొంటే మళ్ళీ అదే వణుకు.

ఊరికి వచ్చి బాబాయికి చెప్పాము. ఆయన మమ్మల్ని ఎక్కించుకొని కాలువ గట్టు మీద ఒక చుట్టు తిప్పి, నలభైలో నాలుగైదుసార్లు బ్రేకు వేసి, “ఏదీ, ఏమీ లేదుగా?” అన్నాడు. నిజమే, ఆ వేగంలో ఏమీ లేదు. ఆ గట్టు మీద అంతకంటే వేగంగా వెళ్ళడానికి చోటూ లేదు. ఎనభై కిలోమీటర్ల వేగంలో మా బండి చక్రం సెకనుకు పదకొండు, పన్నెండుసార్లు తిరుగుతుంది. డిస్కులోని దోషం చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక కుదుపు ఇస్తుంది. ఆ కుదుపుల వేగమూ, స్టీరింగు, ముందు ఇరుసు సహజంగా ఊగే వేగమూ ఒకటైనప్పుడు చిన్న కుదుపే పెద్దదవుతుంది. ఉయ్యాలను సరిగ్గా అదనుకు తోస్తే చిన్నపిల్ల చేతికి కూడా పైకి లేస్తుంది కదా. అందుకే నలభైలో కనిపించని రోగం ఎనభైలో బయటపడుతుంది. ఆనాడు ఈ సంగతి మాకు తెలియదు, బాబాయికీ తెలియదు. మేము అబద్ధం చెబుతున్నామని ఆయనా, తప్పించుకొంటున్నాడని మేమూ మనసులో అనుకొన్నాము.

ఇక సలహాలకు కొదవ లేదు. “కాగిన డిస్కు మీద వానగుంట నీళ్ళు పడి వంగిపోయింది” అని అందరూ ఒకే మాట. డిస్కు పోత ఇనుముతో చేస్తారు. అది మామూలు వాడుకలో వంగడం చాలా అరుదని, వంగింది అనుకొనేవాటిలో ఎక్కువ భాగం మందంలో తేడా వచ్చిన డిస్కులేనని మాకు తర్వాత తెలిసింది. ఆ తేడా వెంట్రుకలో సగం కూడా ఉండదు. ఒకచోట కొంచెం మందం, ఒకచోట కొంచెం పలచన. మందమైన చోటు వచ్చినప్పుడు ప్యాడ్లు వెనక్కి తోయబడతాయి, బ్రేకు పట్టు మారుతుంది, పాదం కింద పెడలు కొట్టుకొంటుంది.

చక్రాల బ్యాలెన్సు తప్పిందని ఒకరన్నారు. బ్యాలెన్సు చేయించాము, తగ్గలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది దండుగ ఖర్చు. బ్యాలెన్సు లోపమైతే బ్రేకు వేయకపోయినా వేగంలో వణకాలి. మా బండి బ్రేకు వేస్తేనే వణికేది. ఇంత చిన్న తర్కం అప్పుడు మాకు తోచలేదు. ప్యాడ్లు నకిలీవని ఇంకొకరన్నారు. వేరే ప్యాడ్లు కొన్నాము. రెండు వారాలు నయమనిపించి మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత డిస్కులు విప్పించి పట్నంలో లేతు మీద చదును చేయించాము. లేతు ఆయన ధారాళంగా కోసేశాడు. ఈసారి నిజంగా పోయింది! అమ్మను విజయవాడ తీసికొని వెళ్ళి వచ్చాము, చెంబులో నీళ్ళు తొణకలేదు. పండుగ చేసుకొన్నంత సంతోషం. సెప్టెంబరు చివరికి మళ్ళీ హనుమాన్ జంక్షన్ దగ్గరే స్టీరింగు కొట్టుకొంది.

చదును చేస్తే పోవడం, కొన్ని వేల కిలోమీటర్లకు తిరిగి రావడం. రోగం గుట్టు అందులోనే ఉంది. మేము దానిని పట్టుకోలేదు. మా మనసు మనిషి మీదికి పోయింది.

ఆ నెలలోనే పక్క ఊరిలో ఒక పెండ్లికి వెళ్ళాము. విందు పందిట్లో కార్ల మాట వచ్చింది. మా బండి కథ చెప్పి, “డిస్కులు బిగించడం చేతకాలేదు, లారీలు చేసే మనిషికి కార్లు ఇవ్వడం మాదే తప్పు” అన్నాము. వినేవాళ్ళు అయిదారుగురు ఉన్నారు. వాళ్ళలో ముగ్గురి బండ్లు బాబాయే చూస్తాడు. మేము లేచేసరికి ఆయన వెనుక వరుసలో చేయి కడుక్కొంటున్నాడు. మమ్మల్ని చూసి “వందనాలు అబ్బాయ్, అమ్మ ఎలా ఉంది?” అన్నాడు. విన్నాడో లేదో ముఖాన్నిబట్టి తెలియలేదు. “బాగానే ఉంది” అని వచ్చేశాము.

అక్టోబరులో అమ్మ తానే ఒక మాట అన్నది: “నాకోసం మీరు ఇంత అవస్థ పడొద్దు. ఈ నెల చూపించుకోకపోతే ఏమవుతుంది?” బండి వణుకుకు భయపడి ఆమె వైద్యం మానుకొనే దాకా వచ్చిందన్నమాట. ఆ రోజే తాడేపల్లిగూడెంలో ఒక షాపుకు బండి తీసికొని వెళ్ళాము. అక్కడ పనిచేసే కుర్రవాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. మేము కథ మొదలుపెడితే “ముందు రోడ్డు మీదికి వెళదామండి” అన్నాడు.

అతడు చేసిన పని వరుసగా చెప్పాలి, ఎందుకంటే మీలో ఎవరి బండికైనా ఇది రావచ్చు. ఖాళీ రోడ్డు మీద ఎనభైకి వెళ్ళి బ్రేకు ముట్టుకోకుండా ఊరుకొన్నాడు. వణుకు లేదు. చక్రాల బ్యాలెన్సు కాదు. తర్వాత బ్రేకు మెల్లగా వేశాడు. వణుకు స్టీరింగులో ఉంది, సీటులో లేదు. సీటు, బండి ఒళ్ళు వణికితే సాధారణంగా వెనుక చక్రాలను, స్టీరింగు వణికితే ముందు చక్రాలను అనుమానించాలట. రూఢి చేసుకోవడానికి వేగం తగ్గించి, ముందూ వెనుకా ఎవరూ లేనప్పుడు, బొత్తాం నొక్కిపెట్టి హ్యాండుబ్రేకు కొంచెం కొంచెంగా లాగాడు. హ్యాండుబ్రేకు వెనుక డ్రమ్ముల మీదనే పనిచేస్తుంది. వణుకు రాలేదు కాబట్టి డ్రమ్ములు గుండ్రంగానే ఉన్నాయి. ఈ చివరి పరీక్ష తెలియనివాళ్ళు చేయకండి, గట్టిగా లాగితే బండి అడ్డం తిరుగుతుంది.

షాపుకు వచ్చాక ముందు చక్రాలు పైకి లేపి ఊపి చూశాడు, బేరింగులో వదులు లేదు. కాలిపర్ పిన్నులు లాగి చూశాడు, రెండూ సులువుగా జారాయి. అవి బిగుసుకొంటే ప్యాడు డిస్కును వదలకుండా రాసుకొంటూనే ఉంటుంది, డిస్కు ఒకచోట కాగిపోతుంది. మాకు అదీ కాదు. అప్పుడు మైక్రోమీటరు తీసి ఎడమ డిస్కును చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాడు. అన్నిటికంటే మందమైన చోటికీ పలచనైన చోటికీ తేడా 0.03 మిల్లీమీటర్లు. “ఇదేనండి మిమ్మల్ని వణికించేది” అన్నాడు. మేము “డిస్కు మంచిది కాదన్నమాట” అన్నాము. “ఇది ఫలితమండి, కారణం వేరే ఉంది” అని గడియారం లాంటి పరికరం ఒకటి తెచ్చాడు. డయల్ గేజి అంటారు. డిస్కును నాలుగు నట్లతో హబ్బుకు గట్టిగా బిగించి, గేజి ముల్లును డిస్కు అంచునుండి సుమారు పది మిల్లీమీటర్లు లోపలగా ఆనించి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. 0.14 మిల్లీమీటర్లు. మా బండి పుస్తకం ప్రకారం 0.10 దాటకూడదు. అందులో సగానికి మించకుండా చూసుకొంటామని అతడన్నాడు. కుడివైపు 0.06 వచ్చింది.

డిస్కు ఊడదీశాడు. లోపల హబ్బు ముఖం మీద, అంచుకు దగ్గరగా, పాత ఇనుప పెనం అడుగున కట్టినట్టు తుప్పు పొర. గోరంత వెడల్పు కూడా లేదు. దానికి ఎదురుగా డిస్కు వెనుక అదే ఆకారంలో నల్లని ముద్ర. మేము నోరు తెరుచుకొని చూశాము. నాలుగు నెలలు, అంత డబ్బు, అన్ని మాటలు, అన్నీ దీని గురించా!

లెక్క అతడే వేసి చూపించాడు. హబ్బు ముఖం అడ్డుకొలత పదమూడు సెంటీమీటర్లు అనుకొంటే, ఒక అంచున 0.05 మిల్లీమీటర్ల పొర ఉంటే డిస్కు ఆ మేరకు ఒరిగి కూర్చుంటుంది. డిస్కు దానికంటే పెద్దది కాబట్టి ప్యాడ్లు పట్టే చోట ఆ ఒరుగు 0.09 వరకు పెరుగుతుంది. కొత్తలో ఏమీ తెలియదు. ప్యాడ్లు ఒరుగును అనుసరించి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, డిస్కు మందం అంతటా సమంగానే ఉంటుంది. కాని బ్రేకు వేయకపోయినా చక్రం తిరిగిన ప్రతిసారీ ఒరిగిన చోటు ప్యాడును తాకుతూనే ఉంటుంది. వేల కిలోమీటర్లు అలా రాసుకొని రాసుకొని ఆ చోటు అరిగి పలచనవుతుంది. అప్పుడు వణుకు మొదలు. లేతు మీద చదును చేస్తే మందం మళ్ళీ సమమవుతుంది, కాని హబ్బు మీద పొర అలాగే ఉండిపోతుంది గనుక అరుగుదల మళ్ళీ మొదటినుండి ప్రారంభం. బిగించిన మూడు నెలలకు రోగం ఎందుకు వచ్చిందో, పోయి ఎందుకు తిరిగి వచ్చిందో ఒక్కసారిగా తేటపడింది.

మా వైపు తుప్పుకు కరవు లేదు. సముద్రపు గాలి ఒకటి, చెరువు గట్ల మీద ఉప్పునీటి తడి ఒకటి. పైగా మేము బండిని కడిగేది బోరు నీళ్ళతోనే, ఆ నీళ్ళు నోట్లో పోసుకొంటే ఉప్పు తగులుతుంది. శుభ్రంగా ఉంచుకొంటున్నామని ప్రతి శనివారం కడిగేవాళ్ళము.

కుర్రవాడు వైరు బ్రష్షుతో, ఎమెరీ కాగితంతో హబ్బు ముఖాన్ని, నట్లు వచ్చే బోల్టుల మొదళ్ళను తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దాడు. ఇరవై నిముషాల పని. పాత డిస్కులు లేతు మీద ఒకసారి పోగా 18.6 మిల్లీమీటర్లు మిగిలాయి. అంచున 18 కనిష్ఠమని ముద్ర వేసి ఉంది. ఇంకోసారి కోస్తే హద్దుకు వస్తాయి, పలచని డిస్కు త్వరగా కాగుతుంది. కాబట్టి మళ్ళీ కొత్త జత కొన్నాము. ఆ చేదు మాత్ర మింగక తప్పలేదు. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను పూర్తిగా తుడిచాడు. బిగించి గేజి పెడితే 0.07. డిస్కును ఒక రంధ్రం మేర తిప్పి పెట్టి చూస్తే 0.04కు దిగింది. హబ్బులోని కొద్దిపాటి తేడా, డిస్కులోని తేడా ఒకదానినొకటి తగ్గించుకొనే స్థానం అలా వెదకవచ్చునట. చక్రాల నట్లు గాలితుపాకితో కాక టార్క్ రెంచితో, ఎదురెదురు వరుసలో, రెండు విడతలుగా బిగించాడు. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే మంచి డిస్కు కూడా ఒరుగుతుందట.

చివరికి ఒక మాట చెప్పాడు. కొత్త ప్యాడ్లు డిస్కు మీద పలుచని పూత సమంగా వేసుకోవాలి. అందుకని అరవైనుండి ఇరవైకి, పూర్తిగా ఆగకుండా, పదిసార్లు మెల్లగా తగ్గించి, తర్వాత కొంత దూరం బ్రేకు వాడకుండా నడిపి చల్లారనివ్వాలి. కాగిన ప్యాడ్లతో గట్టిగా ఆగి పెడలు నొక్కిపెట్టుకొని నిలబడితే ప్యాడు మసాలా ఆ చోట అంటుకొని, మళ్ళీ వణుకుకు దారి అవుతుంది. మేము గేటు దగ్గర ఎప్పుడూ అలాగే నిలబడేవాళ్ళము.

తిరిగి వస్తూ పెద్దగా మాట్లాడుకోలేదు. పాలకొల్లు దాటాక మాలో పెద్దవాడు అన్నాడు: “ఆ రాత్రి బాబాయి ఏదో రుద్దుతానన్నాడు, గుర్తుందా?” గుర్తుంది. బల్బు వెలుగులో డిస్కు చేత్తో పట్టుకొని, “హబ్బు తుప్పుగా ఉంది అబ్బాయ్, బ్రష్షు అబ్బులు పట్టుకెళ్ళాడు. పొద్దున్నే తెప్పించి రుద్ది బిగిస్తాను” అన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి, అదంతా తర్వాత చూద్దాము, ముందు బిగించెయ్ అన్నది మేమే. ఆయన గుడ్డతో తుడిచి బిగించాడు. నాలుగు నెలలు మేము ఆయనను నిలదీసినప్పుడల్లా ఆ మాట మాకు గుర్తు చేయలేదు.

మరునాడు షెడ్డుకు వెళ్ళాము. ఉన్నది ఉన్నట్టు చెప్పాము, పెండ్లిలో అన్న మాటతో సహా. ఆయన నట్టు ఒకటి కిరసనాయిలులో కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. “విన్నానులే” అన్నాడు. కొంతసేపటికి, “నేనైనా ఆ రోజు గట్టిగా కాదనాల్సింది. అమ్మ ప్రయాణమని మీరు అనేసరికి నోరు రాలేదు” అన్నాడు. ఆ తర్వాత ఆయన అడిగినది ఒక్కటే, ముల్లు ఉన్న ఆ గడియారం ఎలా ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది అని.

పెండ్లిలో మా మాట విన్నవాళ్ళ ఇండ్లకు వెళ్ళి చెప్పి వచ్చాము. ఇద్దరు నవ్వి ఊరుకొన్నారు, మళ్ళీ బాబాయి దగ్గరకే వస్తున్నారు. మూడో ఆయన అప్పటికే బండిని పట్నంలో చూపించుకోవడం మొదలుపెట్టాడు. “మీరు చెప్పారని కాదు లెండి” అన్నాడు గాని, ఇప్పటికీ ఆయన బండి ఊరిలో ఆగదు.

డయల్ గేజి ఒకటి మేము కొని తెచ్చాము. బాబాయి డబ్బు ఇస్తేనే తీసుకొంటానన్నాడు, నెలకు కొంతగా తీర్చాడు. దానిని బిస్కెట్ల డబ్బాలో మెత్తని గుడ్డ చుట్టి పెడతాడు. ఎవరి డిస్కు మార్చినా ముందు హబ్బు రుద్దుతాడు, తర్వాత డబ్బా తీస్తాడు. తొందరగా కావాలని ఎవరైనా అంటే, “రేపు రండి” అంటాడు. మా బండి ఆ తర్వాత అమ్మతో విజయవాడకు పద్నాలుగుసార్లు వెళ్ళి వచ్చింది.